పోస్ట్‌గ్రెస్‌కు ఏ రికవరీ సాధనం? తీసేసే దారి కూడా చూసి ఎంచుకోండి

డేటాబేస్ రికవరీ సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న, ఏది వేగంగా బ్యాకప్ తీస్తుంది అని. రెండోది, ఏది సులువుగా ఇన్‌స్టాల్ అవుతుంది అని. లైనక్స్ లేదా ఫ్రీబీఎస్‌డీ సర్వర్ మీద పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నడిపేవారికి ఈ రెండు ప్రశ్నలూ పెద్దగా ఉపయోగపడవు. ఇవాళ వాడుకలో ఉన్న సాధనాలు దాదాపు అన్నీ కొద్ది నిమిషాల్లో ఇన్‌స్టాల్ అవుతాయి. చిన్న, మధ్యతరహా డేటాబేస్‌లకు వాటిలో దేని వేగమైనా సరిపోతుంది. అసలు తేడా తెలిసేది రెండు సందర్భాల్లో: డేటా పోయి తిరిగి నిలబెట్టవలసి వచ్చినప్పుడు, ఆ సాధనాన్నే తీసేసి ఇంకొకదానికి మారవలసి వచ్చినప్పుడు. మొదటి సందర్భం గురించి కొంతమందైనా ముందుగా ఆలోచిస్తారు. రెండోదాన్ని పట్టించుకునేవారు అరుదు. అందుకే ఇక్కడ ఐదు మార్గాలను ముఖ్యంగా ఆ రెండో కొలతతో పోలుస్తున్నాను. ఈ సాధనం సర్వర్‌లో ఎక్కడెక్కడ వేళ్లూనుతుంది? తీసేస్తే ఏం మిగులుతుంది? పాత బ్యాకప్‌లు అది లేకుండా తెరుచుకుంటాయా?

అన్నింటికీ మూలం ఒకే లైను

పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ డేటా ఫైళ్లలో రాయకముందే ఒక లాగ్‌లో రాసుకుంటుంది. దాని పేరు రైట్ అహెడ్ లాగ్, క్లుప్తంగా వాల్. మామూలుగా 16 మెగాబైట్ల ఫైళ్లుగా ఇది పీజీ వాల్ అనే డైరెక్టరీలో చేరుతుంది. 2017లో వచ్చిన 10వ వెర్షన్‌కు ముందు ఆ డైరెక్టరీ పేరు పీజీ ఎక్స్‌లాగ్. అవి పనికిరాని లాగ్ ఫైళ్లనుకుని తుడిచేసి డేటాబేస్‌ను పాడుచేసుకున్నవారు ఉండటం వల్లే ఆ పేరు మార్చారు. డేటా డైరెక్టరీ మొత్తానికి ఒక నకలు, ఆ తర్వాత పుట్టిన వాల్ ఫైళ్లన్నీ చేతిలో ఉంటే, నకలు పూర్తయిన తర్వాతి ఏ క్షణానికైనా డేటాబేస్‌ను తీసుకెళ్లవచ్చు. మధ్యాహ్నం రెండింటికి ఎవరో ఒక టేబుల్‌ను తొలగిస్తే, ఒకటీ యాభై తొమ్మిదికి తిరిగి వెళ్లవచ్చు. ఈ సౌకర్యం 2005 జనవరిలో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి ఉంది.

వాల్ ఫైళ్లను సర్వర్ బయటకు పంపే పని ఆర్కైవ్ కమాండ్ అనే సెట్టింగ్‌ది. ఒక్కో ఫైలు నిండగానే పోస్ట్‌గ్రెస్ అక్కడ రాసి ఉన్న ఆదేశాన్ని నడుపుతుంది. ఆ ఆదేశం సున్నా తిరిగి ఇస్తే ఫైలు భద్రంగా చేరిందని నమ్ముతుంది. మరే సంఖ్య వచ్చినా చేరలేదని భావించి ఆ ఫైలును అట్టే పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. చేరని ఫైలును ఎన్నటికీ తనంతట తాను పారేయదు. ఇది చాలా మంచి గుణం. దీనివల్లే మన డేటా నిలుస్తుంది. అయితే ఆ ఆదేశం పూర్తిగా ఆగిపోతే వాల్ ఫైళ్లు పేరుకుంటూ పోయి డిస్కు నిండుతుంది. నిండిన క్షణంలో సర్వర్ ఆగిపోతుంది. నమోదైన లావాదేవీలు పోవు కానీ, చోటు ఖాళీ చేసేదాకా డేటాబేస్ లేవదు.

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టం. రికవరీ సాధనం ప్యాకేజీగా ఒకచోట ఉంటుంది, డేటాబేస్ సెట్టింగుల్లో ఒక లైనుగా ఇంకోచోట ఉంటుంది. ప్యాకేజీని తీసేసినంత మాత్రాన ఆ లైను పోదు. లేని ప్రోగ్రామును పోస్ట్‌గ్రెస్ పిలుస్తూనే ఉంటుంది.

పీజీ డంప్

పోస్ట్‌గ్రెస్ క్లయింట్ ప్యాకేజీతో పాటే వస్తుంది కనుక విడిగా ఇన్‌స్టాల్ చేయవలసింది లేదు. ఆర్కైవ్ లైను అక్కర్లేదు. తీసేయాలంటే, నిర్ణీత వేళకు ఆదేశాలు నడిపే క్రాన్‌లో ఒక వరుస, పాస్‌వర్డ్ దాచిన ఒక ఫైలు తొలగిస్తే చాలు. అది తీసిన నకలు పోస్ట్‌గ్రెస్ కొత్త వెర్షన్లలోకీ, వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లోకీ, వేరే ప్రాసెసర్ ఉన్న యంత్రంలోకీ ఎక్కుతుంది. ఈ స్వేచ్ఛ మిగిలిన నాలుగింటికీ లేదు. అందుకే మరే సాధనం పెట్టుకున్నా, వారానికి ఒకసారైనా పీజీ డంప్ నకలు ఒకటి తీసి ఉంచమంటాను.

లోటు ఏమిటంటే, డంప్ మొదలైన క్షణానికి మాత్రమే తిరిగి వెళ్లగలరు. రాత్రి పన్నెండుకు తీసి, సాయంత్రం ఐదుకు డేటా పోతే ఆ రోజు పని మొత్తం పోయినట్లే. తిరిగి ఎక్కించేటప్పుడు ఇండెక్సులన్నీ (డేటాను త్వరగా వెతకడానికి వాడే సూచికలు) కొత్తగా కట్టాలి కనుక వందల గిగాబైట్ల డేటాబేస్‌కు గంటల కొద్దీ సమయం పడుతుంది. యూజర్లు, వారి అనుమతులు ఈ నకలులో రావు. వాటి కోసం పీజీ డంప్ ఆల్‌ను విడిగా నడపాలి. ఆ సంగతి కొత్త సర్వర్ మీద ఎక్కించేటప్పుడు గాని చాలామందికి తెలియదు.

ఇన్‌స్టాల్ చేయడంలో చిన్న అజాగ్రత్త ఎంత దూరం వెళ్తుందో గిట్‌ల్యాబ్ సంస్థ తానే బహిరంగంగా వివరించిన 2017 జనవరి 31 నాటి ఘటన చెబుతుంది. ఆ రాత్రి ఒక ఇంజినీరు, ప్రధాన సర్వర్‌కు నకలుగా నడిచే అనుబంధ సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్ డేటా డైరెక్టరీని తొలగించారు. దాదాపు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లే మిగిలాయి. రోజువారీ పీజీ డంప్ నకళ్ల కోసం వెతికితే నిల్వ ఖాళీగా ఉంది. డేటాబేస్ 9.6 వెర్షన్, నకలు తీసే యంత్రంలో నడుస్తున్నది 9.2 పీజీ డంప్. తనకంటే కొత్త వెర్షన్ సర్వర్ నుంచి నకలు తీయడానికి పీజీ డంప్ ఒప్పుకోదు, లోపం చెప్పి ఆగిపోతుంది. ఆ లోపం గురించి వెళ్లవలసిన ఈమెయిళ్లను కూడా అందుకునే సర్వర్ తిరస్కరిస్తూ వచ్చింది. చివరికి పరీక్షల కోసం ఆరు గంటల ముందు తీసిన డిస్కు స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) ఉండబట్టి సేవ తిరిగి నిలబడింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం రాలేదు. వేల ప్రాజెక్టులు, వ్యాఖ్యలు పోయాయి. ఒకే యంత్రంలో రెండు వెర్షన్ల క్లయింట్లు ఉంటే ఏది నడుస్తోందో ఇన్‌స్టాల్ చేసిన రోజే చూసుకోండి. అంతకన్నా ముఖ్యంగా, బ్యాకప్ ఆదేశం నడిచిందా అని కాకుండా నిల్వలో ఇవాళ్టి తేదీతో, సహజమైన పరిమాణంతో ఫైలు ఉందా అని తనిఖీ చేసే ఏర్పాటు పెట్టుకోండి.

పీజీ బేస్‌బ్యాకప్

2011 నాటి 9.1 వెర్షన్ నుంచి ఇది కూడా పోస్ట్‌గ్రెస్‌తోనే వస్తోంది. డేటా డైరెక్టరీ మొత్తాన్ని యథాతథంగా తెస్తుంది. దీనికి తోడుగా పీజీ రిసీవ్‌వాల్ అనే మరో ప్రోగ్రామును వేరే యంత్రంలో నిరంతరం నడిపితే, వాల్ ఫైళ్లు పుడుతుండగానే అక్కడికి చేరతాయి. ఆర్కైవ్ కమాండ్ అవసరమే ఉండదు. 2024 సెప్టెంబరులో వచ్చిన 17వ వెర్షన్‌తో మారిన భాగాలను మాత్రమే తెచ్చే ఇంక్రిమెంటల్ బ్యాకప్ కూడా చేరింది. ఆ ముక్కలను కలిపి పూర్తి నకలుగా మార్చడానికి పీజీ కంబైన్‌బ్యాకప్ ఉంది.

బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు కనుక ఇది అన్ని యూనిక్స్‌లలోనూ పనిచేస్తుంది. మీ సర్వర్ లైనక్స్ కాకపోతే నిజానికి మొదట చూడవలసింది ఇదే. కానీ ఏ బ్యాకప్ ఎన్నాళ్లు ఉంచాలి, ఏ వాల్ ఫైళ్లు ఇక అక్కర్లేదు, పాతవి ఎప్పుడు తుడవాలి అన్న లెక్కంతా మీరే స్క్రిప్టులు రాసి చూసుకోవాలి. ఆ స్క్రిప్టు రాసినవారు సంస్థ వదిలి వెళ్లాక దాన్ని ముట్టుకునేందుకు ఎవరూ సాహసించరు. ఒకరిద్దరు నిర్వాహకులే ఉన్నచోట దీన్ని నేను సూచించను.

డేటా డైరెక్టరీని యథాతథంగా నకలు తీసే సాధనాలన్నింటికీ, అంటే ఇకపై చెప్పబోయే మూడింటికి కూడా, వర్తించే హెచ్చరిక ఒకటి. ఆ నకలు అదే ప్రధాన వెర్షన్ పోస్ట్‌గ్రెస్‌లో, అదే రకం ప్రాసెసర్ మీద మాత్రమే లేస్తుంది. లైనక్స్ వెర్షన్ మారినా జాగ్రత్త పడాలి. 2018లో లైనక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 వచ్చినప్పుడు అక్షరాల వరుసక్రమం మారింది. పాత లైనక్స్‌లో తీసిన నకలును కొత్త లైనక్స్‌లో లేపితే, అక్షరాలున్న కాలమ్‌ల మీది ఇండెక్సులు తప్పు జవాబులు ఇవ్వవచ్చు. డేటాబేస్ మామూలుగానే నడుస్తున్నట్లు కనిపిస్తుంది, అందుకే ఇది మరీ ప్రమాదకరం. అలాంటి మార్పు తర్వాత ఆ ఇండెక్సులను తిరిగి కట్టించాలి.

బార్మన్

ఇటలీలోని సెకండ్ క్వాడ్రంట్ బృందం 2012లో విడుదల చేసిన సాధనం ఇది. ఆ సంస్థను 2020లో ఈడీబీ అనే మరో పోస్ట్‌గ్రెస్ సంస్థ కొనుగోలు చేసింది. పైథాన్‌లో రాశారు. దీని ఆలోచనలోనే ఒక క్రమశిక్షణ ఉంది. డేటాబేస్ సర్వర్లలో కాకుండా వేరే యంత్రంలో బార్మన్‌ను పెడతారు. అది ఎన్ని డేటాబేస్ సర్వర్లనైనా అక్కడి నుంచే చూసుకుంటుంది. డేటాబేస్ యంత్రం పూర్తిగా కాలిపోయినా బ్యాకప్, దాన్ని తిరిగి ఎక్కించే ప్రోగ్రాము రెండూ మరోచోట క్షేమంగా ఉంటాయి. నాలుగు వారాల్లో ఏ క్షణానికైనా వెళ్లగలగాలి అని మామూలు మాటల్లో చెప్పినట్లే నియమం రాసుకోవచ్చు. పాతవాటిని తుడిచే లెక్క అదే చూసుకుంటుంది.

తీసేసే కొలతతో చూస్తే బార్మన్‌కు రెండు మంచి మార్కులు వేస్తాను. మొదటిది, స్ట్రీమింగ్ పద్ధతిలో, అంటే పోస్ట్‌గ్రెస్ కనెక్షన్ ద్వారానే అంతా తెచ్చుకునేలా పెడితే డేటాబేస్ సర్వర్‌లో ప్యాకేజీ ఏదీ పెట్టనవసరం లేదు. రెండోది చాలా పెద్ద విషయం. కంప్రెషన్ ఎంచుకోకపోతే బార్మన్ తన నిల్వలో ఉంచే బ్యాకప్ మామూలు డేటా డైరెక్టరీయే, వాల్ ఫైళ్లు తమ అసలు పేర్లతోనే ఉంటాయి. రేపు బార్మన్ ప్రోగ్రామే లేకపోయినా, పోస్ట్‌గ్రెస్ తెలిసిన ఎవరైనా ఆ ఫైళ్లను చేత్తో కాపీ చేసి డేటాబేస్‌ను లేపగలరు. అయిదేళ్ల తర్వాత ఎవరికో అవసరమయ్యే బ్యాకప్‌కు ఇంతకుమించిన భరోసా లేదు.

చోటు మాత్రం ఎక్కువ తింటుంది. పైగా స్ట్రీమింగ్ పద్ధతిలో ప్యాకేజీ లేకపోయినా డేటాబేస్ లోపల కొన్ని ఆనవాళ్లు మిగులుతాయి: బార్మన్ కోసం చేసిన యూజర్లు, అనుమతుల ఫైలులో వరుసలు, అన్నింటికన్నా ముఖ్యంగా రెప్లికేషన్ స్లాట్. స్లాట్ అంటే ఫలానా గ్రహీత ఎక్కడిదాకా అందుకున్నాడో పోస్ట్‌గ్రెస్ గుర్తుపెట్టుకునే చోటు. గ్రహీత లేకుండా స్లాట్ మాత్రం మిగిలితే, అతను వస్తాడని వాల్ ఫైళ్లన్నీ దాచుకుంటూ పోతుంది. 13వ వెర్షన్ నుంచి దీనికి హద్దు పెట్టే సెట్టింగ్ ఉంది కానీ, మనం మార్చకపోతే హద్దు లేదన్నదే దాని అర్థం.

పీజీ బ్యాక్‌రెస్ట్

పెద్ద డేటాబేస్‌లకు నేను ముందుగా చెప్పే పేరు ఇదే. మొదట పెర్ల్‌లో రాసి, 2019 నాటికి పూర్తిగా సీ భాషలోకి మార్చారు. బ్యాకప్, రిస్టోర్ రెండింటినీ ఒకేసారి అనేక ప్రాసెస్‌లతో నడుపుతుంది. పూర్తి, డిఫరెన్షియల్ (చివరి పూర్తి బ్యాకప్ తర్వాత మారినవి), ఇంక్రిమెంటల్ (చివరి బ్యాకప్ తర్వాత మారినవి) మూడు రకాలూ తీస్తుంది. అమెజాన్, అజూర్, గూగుల్ నిల్వల్లోకి నేరుగా పంపుతుంది, పంపే ముందే ఎన్‌క్రిప్ట్ చేయగలదు. డేటాబేస్‌లో చెక్‌సమ్‌లు (డేటా చెడిందో లేదో తెలిపే సంఖ్యలు) ఉంటే బ్యాకప్ తీస్తూనే, నకలు తీసే ప్రతి పేజీనీ సరిచూస్తుంది. పాడైన డిస్కు గురించి మొదటి కబురు ఇలాగే అందవచ్చు. 2025లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18లో కొత్త డేటాబేస్‌లకు చెక్‌సమ్‌లు మామూలుగానే వస్తాయి కనుక ఈ లాభం ఇకపై ఎక్కువమందికి అందుతుంది.

దీని డెల్టా రిస్టోర్‌ను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. పాత డేటా డైరెక్టరీలో చెడని ఫైళ్లను అలాగే ఉంచి, తేడా ఉన్నవాటిని మాత్రమే నిల్వ నుంచి తెస్తుంది. టెరాబైట్ డేటాబేస్‌లో కొన్ని ఫైళ్లే చెడినప్పుడు, సేవ ఆగి ఉన్న సమయాన్ని ఇది ఎంత తగ్గిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. బ్యాకప్‌కు ముందు చెక్ అనే ఆదేశం నడిపితే, ఒక వాల్ ఫైలును నిజంగా పంపి నిల్వలో చేరిందో లేదో చూసి చెబుతుంది. ఆర్కైవ్ పనిచేయకపోతే బ్యాకప్ పూర్తయిందని అది చెప్పదు. ఈ నిక్కచ్చితనం నాకు నచ్చుతుంది.

ఒక సెట్టింగ్ విషయంలో మాత్రం కళ్లు తెరుచుకుని నిర్ణయించాలి. ఆర్కైవ్ పుష్ క్యూ మాక్స్ అనే హద్దు పెడితే, పంపలేకపోయిన వాల్ ఆ హద్దు దాటగానే అది పోస్ట్‌గ్రెస్‌కు అంతా చేరిందని చెప్పేస్తుంది. డిస్కు నిండదు, సేవ ఆగదు. బదులుగా తిరిగి వెళ్లే దారి మధ్యలో తెగుతుంది, మళ్లీ పూర్తి బ్యాకప్ తీసేదాకా అతుక్కోదు. అమ్మకాల వెబ్‌సైటుకు సేవ ఆగకపోవడం ముఖ్యం కావచ్చు. సహకార బ్యాంకుకైతే ఒక్క లావాదేవీ పోవడం కన్నా సేవ ఆగడమే నయం. దీన్ని నిర్వాహకుడు ఒక్కడే నిర్ణయించకూడదు, వ్యాపారం నడిపేవారిని అడగాలి.

తీసేసే కొలతలో పీజీ బ్యాక్‌రెస్ట్ వెనకబడుతుంది. దాని నిల్వ దాని సొంత పద్ధతిలో ఉంటుంది: కంప్రెస్ చేసి, చిన్న ఫైళ్లను కట్టలుగా కట్టి, కొన్నిసార్లు ఎన్‌క్రిప్ట్ చేసి. అందులోంచి డేటాబేస్‌ను లేపాలంటే ఆచరణలో ఆ ప్రోగ్రామే కావాలి. ఎన్‌క్రిప్షన్ పాస్‌ఫ్రేజ్ సర్వర్‌లోని కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంటుంది. ఆ ఫైలుతో పాటు అది పోతే, నిల్వలో ఎన్ని టెరాబైట్లు ఉన్నా చెత్తతో సమానం. ఇన్‌స్టాల్ చేసిన రోజే పాస్‌ఫ్రేజ్‌ను సర్వర్ బయట, ఇద్దరికి తెలిసిన భద్రమైన చోట ఉంచండి.

వాల్-జీ

క్లౌడ్ సంస్థ హెరోకులో పుట్టిన వాల్-ఈ అనే పాత సాధనానికి ఇది వారసురాలు. 2017లో సైటస్ డేటా నుంచి వచ్చింది, తర్వాత యాండెక్స్ ఇంజినీర్లు చాలా పెంచారు. వాల్-ఈ అభివృద్ధి ఆగిపోయింది కనుక ఇంకా దాని మీద ఉన్నవారు మారవలసిందే. గో భాషలో రాసిన ఒకే ఒక్క బైనరీ (నేరుగా నడిచే ప్రోగ్రాము) ఫైలు ఇది. క్లౌడ్ నిల్వలోకి పంపడమే దీని అసలు ఉద్దేశం. కంటైనర్లలో డేటాబేస్ నడిపేవారికి, మైఎస్‌క్యూఎల్, మాంగోడీబీ వంటి వేరే డేటాబేస్‌లు కూడా పక్కనే ఉన్నవారికి ఒకే సాధనంతో పని జరుగుతుంది.

చాలా చోట్ల దీనికి ప్యాకేజీ ఉండదు. బైనరీని తెచ్చి ఒక డైరెక్టరీలో పెడతారు. తీసేయడమంటే ఆ ఫైలును తుడవడమే అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే చిక్కు. ప్యాకేజీ వ్యవస్థకు తెలియని ఫైలు కనుక భద్రతా అప్‌డేట్లు దానంతట అవి రావు, ఏ వెర్షన్ ఎవరు ఎప్పుడు పెట్టారో ఎక్కడా నమోదు కాదు. దాని సెట్టింగులు సాధారణంగా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో (ప్రోగ్రాముకు బయటి నుంచి అందే విలువలు) ఉంటాయి, క్లౌడ్ రహస్య కీలు కూడా వాటితోనే. పాతవాటిని తుడవమని మనమే ఆదేశించాలి. తుడిచే ఆదేశానికి కన్‌ఫర్మ్ అని జోడించకపోతే ఏం తుడుస్తుందో చూపించి ఊరుకుంటుంది. అది మంచి జాగ్రత్తే కానీ, ఆ మాట లేకుండానే క్రాన్‌లో రాసి క్లౌడ్ బిల్లు పెరుగుతోందని ఆశ్చర్యపోయేవారున్నారు.

క్లౌడ్ మాట వచ్చింది కనుక ఒక సూచన. అమెజాన్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి రీజియన్లు, అంటే డేటా కేంద్రాల సముదాయాలు ఉన్నాయి. డేటాబేస్ ఒకచోట ఉంటే బ్యాకప్ రెండోచోట ఉంచండి. సమాచారం దేశం దాటకూడదన్న నిబంధన ఉన్నవారికి కూడా ఇది కుదురుతుంది. వాల్-జీకైనా పీజీ బ్యాక్‌రెస్ట్‌కైనా ఇందుకు నిల్వ చిరునామా మార్చితే చాలు.

ఎవరికి ఏది

డేటాబేస్ కొన్ని గిగాబైట్లే అయి, ఒక రోజు సమాచారం పోయినా కాగితాల నుంచి తిరిగి ఎక్కించుకోగలిగితే పీజీ డంప్ చాలు. జిల్లాలోని ఒక చిన్న కళాశాలకో, గ్రంథాలయానికో అంతకుమించి పెట్టడం వారి నెత్తిన అనవసర భారం వేయడమే. నాలుగైదు డేటాబేస్ సర్వర్లు, వేరుగా ఒక యంత్రం, దానికి సరిపడా డిస్కు ఉన్న సంస్థకు బార్మన్. అయిదారు వందల గిగాబైట్లు దాటి, త్వరగా తిరిగి లేవడం ముఖ్యమైతే పీజీ బ్యాక్‌రెస్ట్. సర్వర్లు తరచూ పుట్టి పోతుండే క్లౌడ్ వాతావరణంలో, ఆటోమేషన్ బాగా తెలిసిన బృందం ఉంటే వాల్-జీ. బ్యాకప్‌లను ఎనిమిది, పదేళ్లు దాచవలసిన ప్రభుత్వ కార్యాలయాలు, ఆడిట్ ఉండే సంస్థలు దేన్ని ఎంచుకున్నా, ఏడాదికి ఒక పీజీ డంప్ నకలును విడిగా దాచాలి. అంతకాలం తర్వాత తెరవడానికి దానికి మించినది లేదు.

రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే, రెండింటితోనూ ఖాళీ యంత్రంలో ఒక రిస్టోర్ చేసి చూడండి. బృందంలో అందరికన్నా కొత్తగా చేరిన వ్యక్తి చేత చేయించండి. వారు ఎవరినీ అడగకుండా పూర్తిచేసినదే మీ సాధనం.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

దీనిలో చెప్పవలసింది తక్కువ. లైనక్స్ పంపిణీలో వచ్చే పాత వెర్షన్ బదులు పోస్ట్‌గ్రెస్ సముదాయం నడిపే ప్యాకేజీ రిపోజిటరీ నుంచి తెచ్చుకోండి. డేటాబేస్, రికవరీ సాధనం రెండూ ఒకే మూలం నుంచి రావడం మేలు. రెడ్‌హ్యాట్ తరహా వ్యవస్థల్లో 8, 9 వెర్షన్లలో ముందుగా వ్యవస్థతో వచ్చిన పోస్ట్‌గ్రెస్ మాడ్యూల్‌ను ఆపాలి, లేకపోతే రెండూ పోటీపడతాయి. ఫ్రీబీఎస్‌డీలో పీజీ బ్యాక్‌రెస్ట్ ప్యాకేజీగా దొరుకుతుంది. సెట్టింగుల ఫైళ్లు అక్కడ యూజర్ లోకల్ కింద ఉంటాయని గుర్తుంచుకుంటే చాలు. బ్యాకప్ నడిపే యూజర్‌కు రూట్ అధికారాలు, అంటే యంత్రం మీద సర్వాధికారాలు ఇవ్వవద్దు.

వాల్ ఫైళ్లను బయటకు పంపాలా వద్దా అని చెప్పే సెట్టింగ్ ఆర్కైవ్ మోడ్. దాన్ని మొదటిసారి ఆన్ చేయడానికి డేటాబేస్‌ను రీస్టార్ట్ చేయాలి. ఆర్కైవ్ కమాండ్‌ను మార్చడానికి రీలోడ్ (సేవ ఆపకుండా సెట్టింగులు మళ్లీ చదివించడం) చాలు. అందువల్ల కొత్త సర్వర్ కట్టేటప్పుడే, సాధనం ఇంకా తేలకపోయినా, ఆర్కైవ్ మోడ్ ఆన్ చేసి, ఏమీ చేయకుండా సున్నా తిరిగి ఇచ్చే ట్రూ ఆదేశాన్ని కమాండ్‌గా పెట్టి ఉంచితే, తర్వాత సేవ ఆపకుండానే ఏ సాధనాన్నైనా తగిలించవచ్చు. పెట్టిన రోజే సాధనం తాకిన ప్రతిచోటునూ ఒక కాగితం మీద రాయండి: ప్యాకేజీ, సెట్టింగ్ లైను, యూజర్లు, స్లాట్లు, సర్వర్ల మధ్య లాగిన్‌కు వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీలు, క్రాన్ వరుసలు, క్లౌడ్ కీలు. తీసేసేటప్పుడు ఆ కాగితమే దారి చూపుతుంది.

తీసేసేటప్పుడు

ప్యాకేజీని తీసేయడం చివరి దశల్లో ఉండాలి. మొదట చేయవలసింది ఆర్కైవ్ లైను ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం. ప్రధాన కాన్ఫిగరేషన్ ఫైలులో మార్చినా ఫలితం ఉండకపోవచ్చు. ఆల్టర్ సిస్టమ్ ఆదేశంతో పెట్టిన విలువలు ఆటో కాన్ఫ్ అనే మరో ఫైలులో ఉండి, మొదటిదాన్ని దాటేస్తాయి. పీజీ సెట్టింగ్స్ అనే వ్యూలో (టేబుల్‌లా చదవగలిగే జాబితా) సోర్స్ ఫైల్ కాలమ్ చూస్తే అసలు చోటు తెలుస్తుంది. గతంలో రిస్టోర్ జరిగిన సర్వర్ అయితే అదే ఆటో కాన్ఫ్ ఫైలులో, వాల్ ఫైళ్లను తిరిగి తెచ్చే రిస్టోర్ కమాండ్ కూడా మిగిలి ఉండవచ్చు. పీజీ బ్యాక్‌రెస్ట్ దాన్ని అక్కడే రాస్తుంది.

తర్వాత ఆ లైనును కొత్త సాధనానికి మార్చాలి. ఖాళీగా వదిలేయడం తప్పు. ఆర్కైవ్ మోడ్ ఆన్‌లో ఉండి కమాండ్ ఖాళీగా ఉంటే, త్వరలో ఏదో ఇస్తారని పోస్ట్‌గ్రెస్ వాల్ ఫైళ్లను దాస్తూనే ఉంటుంది. ఇక ఆర్కైవే వద్దనుకుంటే ప్రస్తుతానికి ట్రూ ఆదేశం పెట్టి, తర్వాతి రీస్టార్ట్‌లో మోడ్‌ను ఆపేయండి. కొత్తదానికి మారేవారు ఇంకొకటి గమనించాలి. ఆర్కైవ్ కమాండ్ ఒక్కటే కనుక రెండు సాధనాలు దాన్ని పంచుకోలేవు. కొత్తదానికి మార్చిన క్షణం నుంచి దాని మొదటి పూర్తి బ్యాకప్ ముగిసేదాకా రక్షణ పలచగా ఉంటుంది. ఆ వ్యవధిలో పీజీ రిసీవ్‌వాల్‌ను పక్కన నడిపి వాల్ ఫైళ్లను మరోచోట కూడా పోగుచేయండి. సేవ మీద భారం తక్కువగా ఉండే వేళ ఎంచుకోండి.

మార్చాక పీజీ స్విచ్ వాల్ ఫంక్షన్‌తో ఒక ఫైలును బలవంతంగా ముగించి, పీజీ స్టాట్ ఆర్కైవర్ వ్యూలో చివరిగా ఆర్కైవ్ అయిన సమయం కదిలిందో లేదో చూడండి. విఫలమైన వాటి సంఖ్యను చూసి ఊరుకోవద్దు. ఎందుకో చెబుతాను. ప్రోగ్రాము ఉండి పనిచేయకపోతే ఆ సంఖ్య పెరుగుతుంది. ప్రోగ్రామే లేకపోతే, ఆదేశాలను అమలుచేసే షెల్ 127 అనే సంఖ్య తిరిగి ఇస్తుంది. 125 దాటిన ఏ సంఖ్యకైనా, ఆర్కైవ్ కమాండ్‌ను నడిపే ఆర్కైవర్ ప్రాసెస్ తానే కుప్పకూలి మళ్లీ మొదలవుతుంది, ఆ వైఫల్యం వ్యూలో లెక్కకు రాదు. అంటే ప్యాకేజీ తీసేసి లైను మరిచిపోయిన సర్వర్‌లో వైఫల్యాల సంఖ్య పెరగకుండా నిలిచిపోయి ఉంటుంది, డిస్కు మాత్రం నిండుతుంటుంది. హెచ్చరికలు ఎప్పుడూ చివరి విజయం జరిగిన సమయం మీద పెట్టాలి.

అనుబంధ సర్వర్లలో కూడా ఇదే లైను ఉంటుంది, అక్కడా మార్చాలి. ప్రధాన సర్వర్ పడిపోయి అనుబంధ సర్వర్ బాధ్యత తీసుకున్న రోజున పాత లైను మేల్కొంటుంది. అప్పటికి సాధనం తీసేసి నెలలు గడిచి ఉంటే కారణం ఎవరికీ తట్టదు. స్లాట్లను పీజీ డ్రాప్ రెప్లికేషన్ స్లాట్ ఫంక్షన్‌తో తీసేయండి. ఆ పేరుతో ఇంకెవరూ వాడటం లేదని ముందు చూసుకోండి. క్రాన్ వరుసలు, అదే పని చేసే సిస్టమ్‌డీ టైమర్లు ఆపండి.

ఇప్పుడు ప్యాకేజీ. డెబియన్, ఉబుంటులలో రిమూవ్ అంటే ప్రోగ్రాము పోతుంది, సెట్టింగుల ఫైళ్లు ఉంటాయి. పర్జ్ అంటే అవీ పోతాయి. మొదట రిమూవ్ చేయండి, కొన్ని వారాలు ఆగి పర్జ్ చేయండి. ఈలోపు పాత బ్యాకప్ అవసరమైతే ఆ సెట్టింగులే కావాలి. ఆదేశంలో పోస్ట్‌గ్రెస్ సర్వర్ ప్యాకేజీ పేరు పొరపాటున కలవకుండా రెండుసార్లు చదవండి. దాన్ని పర్జ్ చేసేటప్పుడు డేటా డైరెక్టరీలు కూడా తుడవాలా అని అడుగుతుంది, అలవాటుగా ఎంటర్ నొక్కే చేతులకు అది చాలా ప్రమాదం. రెడ్‌హ్యాట్ తరహాలో మీరు మార్చిన సెట్టింగుల ఫైలు ఆర్‌పీఎం సేవ్ అనే తోకతో మిగులుతుంది. అందులో పాస్‌వర్డ్ ఉంటే అది కూడా అక్కడే ఉంటుంది. సాధనానికి తోడుగా వచ్చి ఇక అక్కర్లేదనుకున్న ప్యాకేజీలను కూడా అక్కడి ప్యాకేజీ ప్రోగ్రాము డీఎన్‌ఎఫ్ తీసేస్తుంది కనుక, అవును అనే ముందు జాబితా చదవండి. ఆ తర్వాత యూజర్లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు, అనుమతుల ఫైలులోని వరుసలు తొలగించండి.

నిల్వను ముట్టుకోవడం అన్నింటికన్నా ఆఖరు. పీజీ బ్యాక్‌రెస్ట్‌లో స్టాంజా డిలీట్ అనే ఆదేశం ఒక డేటాబేస్‌కు చెందిన బ్యాకప్‌లన్నింటినీ శాశ్వతంగా తుడుస్తుంది. సాధనాన్ని తీసేయడంలో అది ఒక భాగమని భ్రమపడవద్దు. కొత్త సాధనంతో తీసిన బ్యాకప్‌లు మీ నియమం కోరినంత కాలం వెనక్కి వెళ్లగలిగేదాకా పాత నిల్వ ఉండాలి. నియమం తొంభై రోజులైతే తొంభై రోజులూ ఉండాలి. ఆ కాలమంతా పాత సాధనపు అదే వెర్షన్‌ను, దాని సెట్టింగులను, పాస్‌ఫ్రేజ్‌ను మరో యంత్రంలో సిద్ధంగా ఉంచి, మధ్యలో ఒకసారైనా దానితో రిస్టోర్ చేసి చూడండి. గడువు తీరాక నిల్వను తప్పక తుడవండి. మరిచిపోయిన బ్యాకప్‌లో ఉన్నది కూడా మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, లావాదేవీలే, దాన్ని కాపలా కాసేవారు మాత్రం ఉండరు. తుడిచిన వెంటనే ఆ నిల్వకు ఇచ్చిన క్లౌడ్ కీని కూడా రద్దు చేయండి.